ప్యాసేజీ ప్రశ్నకు జవాబు ఎక్కడుంటుంది?

తిరుపతిలో నీట్‌కు తయారయ్యే విద్యార్థి రోజంతా చేసేది బిట్లే. ప్రశ్న ఒకటి రెండు లైన్లు, నాలుగు ఆప్షన్లు, చివర్లో కీ. పొద్దున స్టడీ అవర్‌లో కొన్ని, సాయంత్రం మరికొన్ని, వారం చివర గ్రాండ్ టెస్ట్. ఈ సాధనను తక్కువ చేయడానికి లేదు. దీనివల్ల పాఠం నోటికి వస్తుంది, చేతికి వేగం వస్తుంది. కానీ అదే విద్యార్థి ముందు ఒక పేజీ ప్యాసేజీ, ఒక పట్టిక, ఒక గ్రాఫు పెట్టి కింద అయిదు ప్రశ్నలు ఇస్తే ఆ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఎంజైమ్‌ల అధ్యాయం మొత్తం గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ప్యాసేజీలో కొత్త పేరుతో ఎంజైమ్ కనబడగానే తడబడతారు. బిట్‌కు జవాబు తలలో ఉంటే చాలు. ప్యాసేజీ ప్రశ్నకు సగం జవాబు తలలో, సగం కాగితం మీద ఉంటుంది. ఆ రెండు సగాలను కలపడం వేరే విద్య. దాన్ని విడిగా కూర్చోబెట్టి నేర్పేవాళ్లు తక్కువ కాబట్టే మంచి విద్యార్థులు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటున్నారు.

ఈ రకం ప్రశ్నలు పూర్తి స్థాయిలో కనిపించేది అమెరికా, కెనడా మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో. 2015 నుంచి నడుస్తున్న ఇప్పటి పద్ధతిలో జీవశాస్త్రం–బయోకెమిస్ట్రీ ఒక సెక్షన్, రసాయన–భౌతిక శాస్త్రాలు ఒకటి, మనస్తత్వ–సామాజిక శాస్త్రాలు ఒకటి. ఒక్కో సెక్షన్‌కు 95 నిమిషాలు, 59 ప్రశ్నలు. వాటిలో 44 ప్రశ్నలు పది ప్యాసేజీల కింద వస్తాయి, మిగిలిన 15 విడి ప్రశ్నలు. నాలుగో సెక్షన్‌లోనూ ప్యాసేజీలే, కానీ అవి సైన్సు కాదు. పరీక్ష పెట్టేవాళ్లు సైన్సు సెక్షన్లలో ఏ నైపుణ్యానికి ఎంత వాటా ఇస్తారో కూడా ముందే చెబుతారు. తెలిసిన విషయాన్ని గుర్తుపట్టడానికి సుమారు 35 శాతం, ఆ విషయంతో తర్కించి లెక్క తేల్చడానికి 45 శాతం, ప్రయోగం ఎలా చేశారో అర్థం చేసుకోవడానికి 10 శాతం, పట్టికలూ గ్రాఫులూ చదివి అర్థం చెప్పడానికి 10 శాతం. అంటే కంఠతా పట్టిన దానితో మాత్రమే దాటగలిగేది మూడో వంతుకు కాస్త ఎక్కువ.

తిరుపతిలో దీని గురించి మాట్లాడుకోవడానికి కారణాలున్నాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లు చాలానే ఉన్నాయి. అక్కడ పెరిగిన మనవడో మనవరాలో డాక్టర్ కావాలనుకుంటే రాయాల్సింది ఎంక్యాటే. రెండో కారణం ఇక్కడి పిల్లలకు మరింత దగ్గరిది. నీట్‌లో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు కాబట్టి అంత పొడవైన ప్యాసేజీలకు చోటు లేదు. అయినా స్టేట్‌మెంట్ ప్రశ్నలు, అసర్షన్–రీజన్ (ఒక వాక్యం, దానికి కారణంగా ఇంకో వాక్యం ఇచ్చి అడిగేవి), జతపరచడం, బొమ్మ ఇచ్చి అడిగేవి అన్నీ ఇదే విద్యను చిన్న మోతాదులో పరీక్షిస్తాయి. సీబీఎస్ఈ ప్లస్ టూ బయాలజీ పేపర్లో కేసు ఆధారిత ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. ఎస్వీ మెడికల్ కాలేజీలోనో పద్మావతి మహిళా మెడికల్ కాలేజీలోనో సీటు వచ్చాక కూడా ఈ పద్ధతి వెంటాడుతుంది. పీజీ ఎంట్రన్స్‌లో, అమెరికా లైసెన్సు పరీక్షలో రోగి వివరాలు ఒక పేరా ఇచ్చి కింద ప్రశ్న అడుగుతారు. పదిహేడేళ్లప్పుడు అలవాటు చేసుకున్న చదివే తీరు పదేళ్లు పనికొస్తుంది.

ప్యాసేజీ చదివేటప్పుడు చాలామంది చేసేది జవాబు ఉన్న లైను కోసం వెతకడం. తెలుగు వాచకంలో గద్యం ఇచ్చి కింద ప్రశ్నలు అడిగినప్పుడు అలవాటైన పద్ధతి అది. సైన్సు ప్యాసేజీలో అది సాగదు. ఇక్కడ ముందుగా పట్టుకోవాల్సింది ప్రయోగాన్ని. ఏది మార్చారు? ఏది కొలిచారు? దేనితో పోల్చారు? మొదటి చదువులో ఈ మూడూ దొరికితే చాలు. మిగతా పేర్లు, అంకెలు అవసరమైనప్పుడు వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

ఒక ప్యాసేజీని దగ్గరగా చూద్దాం. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలను దృష్టిలో పెట్టుకుని సాధన కోసం తయారుచేసింది ఇది. అంకెలు ఊహించినవి, వెనకున్న రసాయన శాస్త్రం నిజమైనది.

“మామిడి గుజ్జుకు గాలి తగిలితే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇందుకు ఒక కారణం పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. దీని క్రియాశీల స్థానంలో రాగి అయాన్లు ఉంటాయి. ఇది ఆక్సిజన్‌ను వాడుకుని క్యాటికాల్ వంటి ఫినాల్‌లను క్వినోన్‌లుగా మారుస్తుంది. క్వినోన్‌లు తర్వాత ఒకదానితో ఒకటి కలిసి గోధుమ రంగు పదార్థాలుగా మారతాయి. తోతాపురి గుజ్జు నుంచి వేరుచేసిన ఎంజైమ్‌తో, క్యాటికాల్ గాఢత 2, 6, 18 మిల్లీమోలార్లుగా ఉన్నప్పుడు చర్య వేగాన్ని కొలిచారు. ఏమీ కలపనప్పుడు వేగాలు వరసగా 20, 30, 36 యూనిట్లు. ఎక్స్ అనే పదార్థం కలిపితే 10, 20, 30. వై అనే పదార్థం కలిపితే 10, 15, 18. పీహెచ్, ఉష్ణోగ్రత అన్నిటిలో ఒకటే. మరో ప్రయోగంలో ఎక్స్, వై లేకుండా ఆస్కార్బిక్ ఆమ్లం కలిపారు. చాలాసేపటి వరకు గోధుమ రంగు రాలేదు. కానీ ద్రావణంలో ఆక్సిజన్ మాత్రం తగ్గుతూనే ఉంది.”

మొదటి ప్రశ్న: ఎక్స్, వై ఏ రకం నిరోధకాలు (ఎంజైమ్ పనిని అడ్డుకునే పదార్థాలు)? తొందరలో ఉన్న కన్ను మొదటి గాఢత దగ్గరే ఆగుతుంది. 2 మిల్లీమోలార్ వద్ద రెండూ వేగాన్ని 20 నుంచి 10కి దించాయి. రెండూ ఒకటే అనిపిస్తుంది. అక్కడ ఆగిన విద్యార్థి కోసమే “రెండూ పోటీ నిరోధకాలు” అనే ఆప్షన్ రాసి పెడతారు. వరస మొత్తం చూస్తే సంగతి వేరు. వై ఉన్నప్పుడు వేగం ప్రతిచోటా సరిగ్గా సగం: 20కి 10, 30కి 15, 36కి 18. క్యాటికాల్ ఎంత పెంచినా ఆ సగం సగంగానే ఉంది. ఎక్స్ ఉన్నప్పుడు సగంతో మొదలై మూడింట రెండు వంతులు, తర్వాత ఆరింట అయిదు వంతులు అయింది. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం, ఇక్కడ క్యాటికాల్) పెరిగేకొద్దీ ఎక్స్ ప్రభావం తగ్గుతోంది. ఎంజైమ్ క్రియాశీల స్థానం కోసం సబ్‌స్ట్రేట్‌తో పోటీపడే పోటీ నిరోధకం లక్షణం అదే. వై మాత్రం గరిష్ఠ వేగాన్నే సగానికి తగ్గించింది, కాబట్టి అది పోటీ నిరోధకం కాదు. పోటీ నిరోధకం అంటే ఏమిటో తలలో ఉండాలి, వరసలో ఏం జరుగుతోందో కాగితం మీద చూడాలి. ఒక్కటే ఉంటే జవాబు రాదు.

ఇదే పట్టిక మీద కాస్త లోతైన ప్రశ్న: “వై పదార్థం రాగి అయాన్లను లాగేసుకుని కొన్ని ఎంజైమ్ అణువులను పూర్తిగా పనిచేయకుండా చేస్తుంది” అన్న వాదనకు పట్టిక సరిపోతుందా? సరిపోతుంది. సగం ఎంజైమ్ పనిచేయకుండా పోయినా గరిష్ఠ వేగం సగమే అవుతుంది. అలాగని ఈ పట్టిక ఆ వాదనను రుజువు చేస్తుందా? చేయదు. వై ఎంజైమ్ మీద వేరే చోట అతుక్కుని పని తగ్గించినా ఇవే అంకెలు వస్తాయి. సరిపోవడం, రుజువు కావడం అనే ఈ రెండింటి మధ్య తేడా మీద ఎంక్యాట్ ప్రశ్నలు ఎన్నో నిలబడి ఉంటాయి. ఆప్షన్‌లో “రుజువు చేస్తుంది”, “తప్పనిసరిగా” అనే మాటలు కనిపిస్తే పెన్ను ఆపి ఆలోచించాలి.

రెండో ప్రశ్న లెక్క. ఏమీ కలపనప్పుడు ఈ ఎంజైమ్ మైకేలిస్ స్థిరాంకం ఎంత? ఆప్షన్లు 1, 2, 6, 18. సూత్రం పెట్టి సమీకరణాలు సాధించాల్సిన పని లేదు. వేగం గరిష్ఠంలో సగం అయ్యే గాఢతే ఆ స్థిరాంకం. 36 దాకా వేగం కొలిచారు కాబట్టి గరిష్ఠం 36 కన్నా ఎక్కువే, సగం 18 కన్నా ఎక్కువ. 2 మిల్లీమోలార్ వద్ద వేగం 20. జవాబు 2 దగ్గర ఉందని ఇక్కడే తెలుస్తోంది. గరిష్ఠం 40 అనుకుని మిగతా రెండు అంకెలతో సరిచూస్తే 30, 36 కచ్చితంగా వస్తాయి. 6 అనే ఆప్షన్ తీసుకుంటే గరిష్ఠం 60 కావాలి. అప్పుడు 2 వద్ద 15 రావాలి, కానీ ఉన్నది 20. ఆప్షన్ నుంచి వెనక్కి రావడం దొడ్డిదారి ఏమీ కాదు. కాలిక్యులేటర్ లేని పరీక్షలో అది రాజమార్గమే.

మూడో ప్రశ్న అసలు పరీక్ష: ఆస్కార్బిక్ ఆమ్లం ఎంజైమ్‌ను నిరోధించిందా? రంగు రాలేదు కాబట్టి ఎంజైమ్ ఆగిపోయింది అనుకోవడం సహజం. కానీ కొలిచినవి రెండు. రంగు ఒకటి, ఆక్సిజన్ ఒకటి. ఎంజైమ్ పని నేరుగా కనిపించేది ఆక్సిజన్ ఖర్చులో. రంగు వచ్చేది ఆ తర్వాతి మెట్టులో. ఆక్సిజన్ తగ్గుతూనే ఉందంటే ఎంజైమ్ పనిచేస్తూనే ఉంది, దాని నుంచి వచ్చిన క్వినోన్‌లను ఆస్కార్బిక్ ఆమ్లం తిరిగి ఫినాల్‌లుగా మారుస్తోంది. ఆమ్లం అయిపోగానే రంగు రావడం మొదలవుతుంది. ప్యాసేజీలో “చాలాసేపటి వరకు” అన్న చిన్న మాట ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమవుతుంది.

దీనికి కొనసాగింపుగా, ఈ నిర్ధారణ గట్టిపడాలంటే ఇంకే ప్రయోగం చేయాలి అని అడగొచ్చు. ఆస్కార్బిక్ ఆమ్లం తనంతట తాను కూడా ఆక్సిజన్‌తో చర్య జరుపుతుంది. కాబట్టి ఎంజైమ్ లేకుండా ఆస్కార్బిక్ ఆమ్లం మాత్రమే ఉన్న గొట్టంలో ఆక్సిజన్ ఎంత తగ్గుతుందో చూడాలి. అక్కడా అంతే తగ్గితే పై వాదన కూలిపోతుంది. కంట్రోల్ అంటే ఏమిటి అని బిట్‌గా అడిగితే అందరూ చెబుతారు. ఏ కంట్రోల్ లేదో ప్యాసేజీలో కనిపెట్టమంటే కొద్దిమందే చెబుతారు.

ఇక నాలుగో ప్రశ్న: క్వినోన్ తిరిగి ఫినాల్‌గా మారడం ఆక్సీకరణమా, క్షయకరణమా? ఇది ప్యాసేజీ కింద కూర్చున్న మామూలు బిట్. క్షయకరణం అని రాసి ముందుకు పోవాలి. దీనికోసం మళ్లీ ప్యాసేజీ చదివితే ముప్పై సెకన్లు దండగ.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక అలవాటు బయటపడుతుంది. ప్రతి ప్రశ్న చదవగానే మొదట తేల్చుకోవాల్సింది, దీని జవాబు కాగితం మీద ఉందా, తలలో ఉందా, రెండూ కలపాలా అన్నది. బాగా చదివే పిల్లలకు రెండు రకాల నష్టం జరుగుతుంది. తలలో ఉన్నదాన్ని ప్యాసేజీలో వెతికి టైం పోగొట్టుకోవడం ఒకటి. ప్యాసేజీ చెప్పిన కొత్త విషయాన్ని పక్కనపెట్టి పాఠ్యపుస్తకంలో చదివిందే రాయడం రెండోది. రెండోదే ఎక్కువ ప్రమాదం. ప్యాసేజీలోని ఎంజైమ్ పీహెచ్ 5 వద్ద బాగా పనిచేస్తుందని గ్రాఫు చూపిస్తుంటే, చదివిన ఎంజైమ్‌లు పీహెచ్ 7 దగ్గర పనిచేస్తాయని గుర్తుండి అదే రాసేవాళ్లు ఉన్నారు. ప్యాసేజీ ఇచ్చిన డేటాకూ పుస్తకంలోని సాధారణ సూత్రానికీ పొసగనప్పుడు, ఆ ప్రశ్నకు డేటానే ప్రమాణం.

భౌతిక శాస్త్రం ప్యాసేజీల తీరు కొంచెం వేరు. వాటిలో కథ ఎక్కువ, అవసరమైన అంకెలు తక్కువ. డాప్లర్ అల్ట్రాసౌండ్ మీద ప్యాసేజీ అనుకుందాం. కాలి రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూడటానికి వాడే స్కాన్ అది. తిరుపతి దగ్గరి గాదంకిలో ఉన్న వాతావరణ రాడార్ పైగాలుల వేగాన్ని కొలిచేదీ ఇదే డాప్లర్ సూత్రంతో. ప్యాసేజీలో ప్రోబ్ నిర్మాణం, జెల్ ఎందుకు రాస్తారు, పరికరం చరిత్ర అన్నీ ఉంటాయి. మధ్యలో ఒక సూత్రం: పౌనఃపున్యంలో మార్పు అంటే పంపిన పౌనఃపున్యానికి రెండు రెట్లు, దాన్ని రక్త వేగంతోనూ కోణం కొసైన్‌తోనూ గుణించి, కణజాలంలో ధ్వని వేగంతో భాగించాలి. పంపినది 5 మెగాహెర్ట్జ్, రక్త వేగం సెకనుకు 0.5 మీటరు, కోణం 60 డిగ్రీలు, ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లు. ఆప్షన్లు 0.8 కిలోహెర్ట్జ్, 1.6 కిలోహెర్ట్జ్, 3.2 కిలోహెర్ట్జ్, 1.6 మెగాహెర్ట్జ్.

పైన గుణిస్తే 25 లక్షలు వస్తుంది. 1540ని 1500 అనుకుని భాగిస్తే దాదాపు 1670. ధ్వని వేగాన్ని కాస్త తగ్గించి తీసుకున్నాం కాబట్టి అసలు జవాబు దీనికన్నా కొంచెం తక్కువ ఉండాలి. 1.6 కిలోహెర్ట్జ్. ఏ వైపు గుండ్రం చేశామో గుర్తుంచుకుంటే ఉజ్జాయింపు భయం పోతుంది. అంతకన్నా ముఖ్యంగా మిగతా ఆప్షన్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. రెండు రెట్లు మరిచిపోతే 0.8 వస్తుంది. కొసైన్ మరిచిపోతే 3.2 వస్తుంది. యూనిట్లలో జారితే 1.6 మెగాహెర్ట్జ్ వస్తుంది. తప్పు ఆప్షన్లు గాల్లోంచి రావు. విద్యార్థులు చేసే తప్పుల్ని లెక్కగట్టి రాస్తారు. అందుకే తన లెక్కకు సరిపోయే అంకె ఆప్షన్లలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. సాధన చేసేటప్పుడు ప్రతి తప్పు ఆప్షన్ ఏ పొరపాటు వల్ల వస్తుందో రఫ్ వర్క్‌లో రాసుకోవడం చాలా మేలు చేస్తుంది. పది ప్యాసేజీలు అలా చేస్తే ప్రశ్న తయారుచేసేవాళ్ల ఆలోచన పట్టుబడుతుంది.

పరిశోధన ఎలా చేశారన్న ప్రశ్నలకు మన ప్రాంతంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె పరిసర గ్రామాల్లో, ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వైద్యులు 1950లో బీసీజీ టీకా పరిశీలన మొదలుపెట్టారు. కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా, ఏళ్ల తరబడి వాళ్లలో క్షయ ఎంతమందికి వస్తుందో చూశారు. ఆ కాలంలోనే బ్రిటన్‌లో బడి పిల్లల మీద జరిగిన పరిశీలనలో టీకా బాగా రక్షణ ఇచ్చింది. ఇక్కడ కనిపించిన రక్షణ అంతకన్నా చాలా తక్కువ. తర్వాత 1968లో చెంగల్పట్టులో మొదలైన పెద్ద ట్రయల్‌లోనైతే పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయ నుంచి రక్షణ కనిపించలేదు. ఈ తేడాకు శాస్త్రవేత్తలు చెప్పే వివరణల్లో ఒకటి ఇది: ఉష్ణ ప్రాంతాల నేలలో, నీళ్లలో ఉండే హానిచేయని మైకోబ్యాక్టీరియాలు జనానికి ముందే సోకి కొంత రోగనిరోధకత ఇస్తాయి, దాంతో టీకా అదనంగా ఇచ్చేది తక్కువగా కనిపిస్తుంది.

ఈ ప్యాసేజీ కింద ప్రశ్న: పై వివరణను బలపరిచేది ఏది? ఒక ఆప్షన్, టీకా వేయని గ్రామస్థుల్లోనూ పర్యావరణ మైకోబ్యాక్టీరియాకు చర్మ పరీక్షలో స్పందించేవాళ్లు ఎక్కువ, వాళ్లలో క్షయ తక్కువ. ఇంకో ఆప్షన్, ఒకచోట వాడిన టీకా నిల్వలో బలం కోల్పోయింది. మూడోది, బీసీజీ చిన్నపిల్లల్లో క్షయ వల్ల వచ్చే మెనింజైటిస్ నుంచి కాపాడుతుంది. మూడోది నిజమే. వైద్య పుస్తకాల్లో ఉన్నదే. చదువుకున్న విద్యార్థి చేయి దానివైపే పోతుంది. కానీ అడిగిన వివరణకూ దానికీ సంబంధం లేదు. రెండోది కూడా జరగడానికి వీలున్నదే, కానీ అది పోటీ వివరణకు బలం. మొదటిదే జవాబు. నిజమైన వాక్యం వేరు, అడిగినదానికి జవాబైన వాక్యం వేరు. నీట్ అసర్షన్–రీజన్ ప్రశ్నల్లో “రెండూ నిజమే, కానీ రీజన్ సరైన వివరణ కాదు” అనే ఆప్షన్ దగ్గర పిల్లలు తికమకపడేది సరిగ్గా ఈ తేడా పట్టుకోలేకే.

ఈ విద్య నేర్చుకోవడానికి వేలకు వేలు పోసి విదేశీ పుస్తకాలు కొనక్కర్లేదు. ప్లస్ టూ ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీలో మంచి ప్రయోగాలు చాలా ఉన్నాయి. వాటిని ఫలితం మాత్రమే గుర్తుపెట్టుకునే బిట్లుగా మార్చేశాం. 1958 నాటి మెసెల్సన్, స్టాల్ ప్రయోగం తీసుకోండి. డీఎన్ఏ ప్రతికృతి అర్ధసంరక్షకం, అంటే ప్రతి కొత్త డీఎన్ఏలో ఒక పాత పోగు, ఒక కొత్త పోగు ఉంటాయి అని అందరికీ వచ్చు. ఏది మార్చారు? బ్యాక్టీరియాకు ఇచ్చే నత్రజని, బరువైన ఐసోటోప్ నుంచి మామూలు దానికి. ఏది కొలిచారు? సీజియం క్లోరైడ్‌లో డీఎన్ఏ పట్టీ ఎక్కడ నిలిచిందో. ఇప్పుడు పుస్తకం మూసి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఒక తరం తర్వాత మధ్యస్థ సాంద్రత ఉన్న ఒకే పట్టీ కనిపించింది, దీనితోనే అర్ధసంరక్షకం అని తేలిపోయిందా? తేలలేదు. పాత పోగులు రెండూ ఒక జతగానే, కొత్త పోగులు రెండూ ఇంకో జతగానే ఉంటాయనే సంరక్షక పద్ధతి మాత్రమే కొట్టుకుపోయింది. పాతదీ కొత్తదీ ముక్కలు ముక్కలుగా కలిసిపోతాయనే విస్తరణ పద్ధతిలోనూ మొదటి తరంలో మధ్యస్థ పట్టీయే వస్తుంది. రెండో తరంలో మధ్యస్థ పట్టీతో పాటు తేలిక పట్టీ కూడా విడిగా కనిపించినప్పుడే అది కూడా పోయింది. మామిడి పట్టికలో 2 మిల్లీమోలార్ దగ్గర ఎక్స్, వై ఒకేలా కనిపించినట్టే ఇక్కడా మొదటి తరం దగ్గర రెండు పద్ధతులు ఒకేలా కనిపిస్తాయి. గ్రిఫిత్, హెర్షీ–చేజ్ ప్రయోగాలను, ఆక్సిజన్–హీమోగ్లోబిన్ వక్రాన్ని ఇలాగే చదివితే, ఉన్న పుస్తకంలోంచే బోలెడంత సాధన దొరుకుతుంది.

ప్రశ్నలు ముందు చదవాలా, ప్యాసేజీ ముందు చదవాలా అన్నది ప్రతి హాస్టల్ గదిలో జరిగే చర్చ. నాలుగు లైన్ల కేసు అయితే ప్రశ్న ముందు చూడటంలో లాభం ఉంది. పేజీ నిడివి ప్యాసేజీకి మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. అయిదు ప్రశ్నలు తలలో పెట్టుకుని చదివితే ప్యాసేజీ అయిదు ముక్కలైపోతుంది, ప్రయోగం ఒక్కటిగా కనిపించదు. అంతకన్నా మంచి పద్ధతి, ముందు పట్టికల, గ్రాఫుల శీర్షికలు, అక్షాల మీద రాసిన పేర్లు, యూనిట్లు పది సెకన్లు చూసి, తర్వాత పైనుంచి ఒకసారి చదవడం. ఏది దేన్ని పెంచుతుంది, ఏది దేన్ని తగ్గిస్తుంది అన్నది బాణం గుర్తులతో ఒక్క లైనులో రాసుకుంటే, ప్రోటీన్ల వింత పేర్లు నాలుగైదు వచ్చినా అయోమయం ఉండదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఈ బాణాలు మరీ ఉపయోగం. వాళ్లకు కష్టం వచ్చేది సైన్సులో కాదు, మూడు లైన్లు సాగే ఇంగ్లిష్ వాక్యాల్లో. వాక్యం బాణంగా మారాక భాష అడ్డు తొలగిపోతుంది. వేరుశనగ మీద, ఎర్రచందనం మీద, నీటి ఫ్లోరైడ్ మీద వచ్చే వ్యాసాల్లోంచి రోజుకు ఒక పేరా తీసుకుని బాణాలుగా మార్చే సాధన రెండు నెలలు చేస్తే చదివే వేగంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

టైం లెక్క సూటిగానే ఉంటుంది. ఎంక్యాట్‌లో 15 విడి ప్రశ్నలకు నిమిషం చొప్పున తీసేస్తే పది ప్యాసేజీలకు 80 నిమిషాలు మిగులుతాయి. ఒక్కోదానికి ఎనిమిది. అందులో చదవడానికి మూడు నిమిషాలు మించకూడదు. ఏదైనా ప్యాసేజీ మొదటి పేరాలోనే కొరకరాని కొయ్యగా అనిపిస్తే దాని కింద ఉన్నవాటిలో జవాబు తలలోనే ఉన్న ప్రశ్నలు చేసేసి, మిగతావి గుర్తుపెట్టుకుని ముందుకు పోవడమే తెలివి. ఒక ప్యాసేజీ మీద పంతం పడితే తర్వాతి రెండు ప్యాసేజీలు బలి అవుతాయి. నీట్‌లోనూ పొడవైన స్టేట్‌మెంట్ ప్రశ్నల దగ్గర ఇదే జరుగుతుంది. సగటున ప్రశ్నకు ఒక నిమిషమే కాబట్టి అక్కడ దెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది.

తప్పులు రాసుకునే నోట్‌బుక్ చాలామంది పెడతారు. అందులో అధ్యాయం పేరు, సరైన జవాబు ఉంటాయి. ప్యాసేజీ ప్రశ్నలకు అది చాలదు. తప్పు ఎక్కడ జరిగిందో రాయాలి. విషయం తెలియక పోయిందా, గ్రాఫు అక్షం తప్పుగా చదివామా, అడిగింది ఒకటైతే వేరేదానికి జవాబిచ్చామా, “కానిది ఏది” అన్న మాట వదిలేశామా? ఒక నెల ఇలా రాస్తే ప్రతి విద్యార్థికీ తన ప్రత్యేకమైన జబ్బు ఒకటి బయటపడుతుంది. గ్రాఫులు చదవడం రాని పిల్లవాడిని మళ్లీ అధ్యాయం మొత్తం చదవమని కూర్చోబెట్టడం వల్ల ప్రయోజనం లేదు. తల్లిదండ్రులు, లెక్చరర్లు దీన్ని తప్పక గమనించాలి. మార్కులు తగ్గగానే “ఇంకా బాగా చదువు” అనే ముందు ఆ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడాలి.

చివరికి రెండు ఆప్షన్లు మిగిలి ఎటూ తేలని పరిస్థితి ప్రతి పరీక్షలోనూ వస్తుంది. ఎంక్యాట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఖాళీ వదలడం అంటే చేజేతులా పోగొట్టుకోవడమే. నీట్‌లో ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. రెండు ఆప్షన్లను కారణంతో కొట్టేసి మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే సగటున ప్రశ్నకు ఒకటిన్నర మార్కు లాభం. నాలుగింటిలో ఏదీ కొట్టేయలేని స్థితిలో గుడ్డిగా పెడితే సగటు లాభం పావు మార్కు మాత్రమే, అదృష్టం బాగోలేకపోతే వరసగా మైనస్‌లు పడతాయి. కాబట్టి కొట్టేయడానికి కారణం దొరికేవరకే ఆ ప్రశ్న మీద టైం పెట్టాలి. కారణం సాధారణంగా ఒకే ఒక్క మాటలో ఉంటుంది: ఒక ఆప్షన్ ప్రయోగంలో కొలవని దాని గురించి చెబుతూ ఉంటుంది, లేదా “కొన్ని” అనాల్సిన చోట “అన్నీ” అంటుంది, లేదా కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తుంది. మిగిలిన రెండు ఆప్షన్లలో తేడా ఉన్న మాట కింద గీత గీసి, ఆ మాట నిజమో కాదో పట్టికలో ఎక్కడ తెలుస్తుందో అక్కడికి మాత్రమే వెళ్లి చూడాలి. ప్యాసేజీ మొత్తం మళ్లీ చదవక్కర్లేదు. ఇరవై సెకన్లలో తేలకపోతే ఒకటి బబ్లింగ్ చేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవాలి.